రెండు నల్లవి, రెండు తెల్లవి

హలో, వినపడుతోందా? బాగుండారా అందరూ? మా ధర్మవరంలో వెంకటేశులు అని ఒకాయన ఉన్నాడు. ఆయన గడిపిన ఒక్క రోజు సంగతి చెప్తా, వినండి.

పొద్దున ఎనిమిదింటికే వెంకటేశులు మగ్గం ముందు కూర్చుని అచ్చు అతుకుతున్నాడు. అయిపోయిన పడుగు నిలువుపోగుల కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కో పోగే కలిపి, బూడిద అద్దిన వేళ్ళతో మెలితిప్పడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే. బొటనవేలు, చూపుడువేలు అరిగి నున్నగా మెరుస్తుంటాయి. పోగు రంగులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పెట్టేస్తాడు.

ఆయనకున్న ఒకే సరదా సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కెమెరా డ్రోన్. మొన్న పెనుకొండలో ముళ్ళచెట్టుకు తగిలి దాని నాలుగు రెక్కల్లో ఒకటి చీలింది. ఈరోజు ఐదింటి బస్సుకు పక్కింటి పాపన్న కదిరిలో కూతురింటికి వెళ్ళిపోతున్నాడు. మగ్గం అమ్మేశాడు, ఇక తిరిగి రాడు. "నలభై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తి. పోయేలోగా నా వీధిని పైనుంచి ఒక్కసారి చూపీప్పా" అని అడిగాడు.

మిగిలిన పోగులు రేపటికి ఉంచి, చీలిన రెక్క జేబులో వేసుకుని వెంకటేశులు హిందూపురం రైలెక్కాడు.

డ్రోన్లు బాగుచేసే సుధాకర్ అంగడిలో ఓ పెట్టెనిండా రెక్కలు. "ప్లాస్టిక్‌వి తగిల్తే వంగుతాయన్నా. కార్బన్ ఫైబర్‌వి గట్టివి, కెమెరాలో బొమ్మ అదరదు. అంచు మాత్రం బ్లేడే, వేళ్ళు జాగ్రత్త."

వెంకటేశులు ఒక నల్ల రెక్కను వెలుగుకు తిప్పాడు. "ఇది నేత కాదబ్బా. ప్లాస్టిక్ మీద నేత బొమ్మ గుద్దినారు." ఇంకోటి తీశాడు. సన్నని నల్లపోగులు ఏటవాలుగా ఒకదాని కిందా మీదా పోతున్నాయి. "ఇదీ నేసిందంటే!"

"ఐదేండ్లుగా అమ్ముతాండా, నాకే తెలీదే!" అని సుధాకర్ నోరు తెరిచాడు. అంతలో పెళ్ళి వీడియోకు పిలిచినవాళ్ళ ఫోనొచ్చి బయటికి పోయాడు.

వెంకటేశులు చీలిన రెక్కను ఎదురుగా పెట్టుకుని, నాలుగూ గట్టివే వేద్దామని, నేసినవాటిలో ఒంపు దానితో సరిగ్గా కలిసేవి నాలుగు ఏరాడు. మరోలా ఒంపు తిరిగినవన్నీ అవతలికి నెట్టి, డబ్బు బల్లమీద పెట్టి వచ్చాడు. తిరుగు రైల్లో పెనుకొండ దాటేదాకా వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి మురిసిపోయాడు.

నాలుగింటికి పాపన్న చూస్తుండగా, వెంకటేశులు మిద్దె మీద నాలుగు కొత్త రెక్కలతో డ్రోన్ జానెడు లేచింది. వెంటనే వెల్లకిలా పడి బొద్దింకలా కొట్టుకుంది.

"దానికీ యాడికీ పోవాలని లేదు, నా మాదిరే" అన్నాడు పాపన్న.

పక్క మిద్దె మీద శనక్కాయలు ఎండబెడుతున్న యల్లక్క చీపురెత్తి నవ్వింది. "ఏమప్పా వెంకటేశులూ, హిందూపురం పోయింది ఈ సర్కస్సుకేనా?"

నాలుగున్నర అయింది. వెంకటేశులుకు చెమటలు పట్టాయి. మిగిలిన పాత తెల్ల రెక్కలు మూడూ పరిచి, కొత్తదాన్ని ఒక్కోదానిమీద పెట్టి చూశాడు. ఒకదానితో కలిసింది. రెండింటి ఒంపు ఎదురు. డ్రోన్ లేవాలంటే రెండు రెక్కలు ఇటు, రెండు అటు తిరగాలని అప్పుడు తెలిసింది.

"అన్నీ ఒకే తీరువి తెచ్చినా పాపన్నా. తేడావన్నీ ఆడే వదిలేసొస్తి."

"పేక లేకుండా పడుగొక్కటే పెట్టుకుంటే చీర అవుతాదా?" పాపన్న పడీపడీ నవ్వాడు. "ఆ పాతవి పెట్టప్పా, బాగనే ఉండాయి."

ఎదురెదురు మూలలకు రెండు నల్లవి, మిగతా మూలలకు రెండు తెల్లవి. అంత జత కుదరని పని ఆయన చేతిమీదుగా ఎన్నడూ పోలేదు. కళ్ళు సగం మూసుకుని మీట నొక్కాడు.

డ్రోన్ లేచింది. నిలిచింది. మిద్దెలు దాటి పైకి పోయింది.

పాపన్న ఫోను తెరను ముక్కుకు ఆనించుకున్నాడు. "నా ఇల్లు! అరే, నా నీళ్ళట్యాంకు మూత! రెండేండ్లు ఎతికితి, యల్లక్క మిద్దె మీదుండాదే!"

"గాలికొచ్చి పడితే మిరపకాయలు పోసుకున్యా, ఏమిప్పుడు?" అంది యల్లక్క.

ముగ్గురూ నవ్వారు. తర్వాత పాపన్న తెర మీద వీధిని ఈ చివరనుంచి ఆ చివరకు వేలితో కొలిచాడు. "ఇంత చిన్నదా అప్పా నా వీధి" అన్నాడు. మళ్ళీ తనే, "బో బాగుండాది" అన్నాడు.

డ్రోన్ దిగేటప్పుడు దుమ్ము లేవకుండా పాపన్న తన భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. డ్రోన్ దాని నడుమ దిగింది. ఐదింటి బస్సుకు టైమవుతోంది. పాపన్న సంచి అందుకుని, నవ్వుతూనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మీకు తెలిసిన మగ్గం మనుషులకు ఈ కథ పంపండి. కదిరిలో ఉన్నవాళ్ళైతే పాపన్నకు వినిపించండి. తువ్వాలు మిద్దె మీదే ఉండాదని, దాని నడుమ డ్రోన్ కాళ్ళు ఆనిన నాలుగు గుంటలు అట్లే ఉండాయని చెప్పండి.