ఖాళీ ప్లాట్ల ఓట్లు

వీధి చివర ట్యాంకు కింద ఇనుప మూత ఎత్తి తిప్పేష్ వాల్వు బిగిస్తుంటే, ఆంజినమ్మ తన ఇంటి కొళాయి దగ్గర నిలబడి చూసింది. ధార సన్నబడింది, బొట్లయింది, ఆగిపోయింది. బిందె సగం కూడా నిండలేదు. పక్కింటి ముందూ అంతే, ఎదురింటి ముందూ అంతే. వెనక వీధుల్లో మగ్గమున్న ఇళ్లన్నిటికీ ఆ పొద్దున నీళ్లు నిలిచిపోయాయి. ముందు వీధిలో మేడలవాళ్లు కార్లు కడిగిన నీళ్లు మాత్రం కాలవలో పారుతూనే ఉన్నాయి.

తిప్పేష్ కాలనీ వాచ్‌మన్. మడకశిర దిక్కు నుంచి బతకడానికి వచ్చినవాడు. ఆమె ముఖం చూడలేక తల వంచుకున్నాడు.

"నన్నేం చెయ్యమంటావమ్మా? అసోసియేషన్‌లో తీర్మానం చేసినారు. మగ్గం తీసేసిన ఇంటికే నీళ్లు ఇడవమన్నాడు ప్రెసిడెంటు."

"ఆ బోరు ఎవురు ఏపించినారో తెలుసునా నీకు?" అంది ఆంజినమ్మ.

వాడికి తెలియదు. వాడు తర్వాత వచ్చినవాడు.

ధర్మవరం శివార్లలో రాళ్ల చేను చదును చేసి, దానికి పట్టుశ్రీ ఎన్‌క్లేవ్ అని పేరు పెట్టి, నీళ్లూ దీపాలూ అన్నీ వస్తాయని నమ్మించి ప్లాట్లు అమ్ముకుని పోయాడొక వ్యాపారి. అద్దె ఇళ్లలో గుంత మగ్గానికి నేల తవ్వనివ్వని ఓనర్లతో వేగలేక, నేతపనివాళ్లు వెనక ప్లాట్లు కొని చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. వచ్చి చూస్తే చుక్క నీళ్లు లేవు. ఒక్కొక్కరు పోయి అడిగితే ఆఫీసుల్లో కుక్కను తోలినట్టు తోలారు. అప్పుడు ఆంజినమ్మే ఇల్లిల్లూ తిరిగి సంఘం పెట్టించింది, ఇప్పటి అసోసియేషన్ అదే. ఖాళీ బిందెలు పట్టుకుని అందరూ రోడ్డు మీద ఎండలో కూర్చున్నారు. బోరు పడింది. ట్యాంకు లేచింది. ఒంటరి మనిషికి పలకని ఆఫీసరు సంఘం వచ్చిందంటే కుర్చీ వేశాడు.

ఆ బలమేమిటో తిమ్మప్ప కూడా కనిపెట్టాడు. నల్లమాడ వైపు భూములున్న కుటుంబం, పార్టీ ఏదైనా పలుకుబడి తగ్గని మనిషి. నీళ్లు వచ్చాక ముందు వీధిలో మేడ కట్టాడు. అమ్ముడుపోని ప్లాట్లన్నీ కొని రాళ్లు పాతి వదిలేశాడు. ఇంటికో ఓటు కాదు, ప్లాటుకో ఓటని నిబంధన రాయించాడు. తమకూ తలా ఒక ప్లాటుంది కదా అని నేతపనివాళ్లు సరేనన్నారు. ఎన్నికనాడు కంపచెట్లు మొలిచిన ప్లాట్లన్నీ కలిసి తిమ్మప్పను ప్రెసిడెంటును చేశాయి.

అతను ఏమీ చేయలేదని ఎవరూ అనరు. చెత్తబండి రోజూ వచ్చింది. ముందు గేటుకు కాపలా పెట్టాక దొంగతనాలు తగ్గాయి. అదే కాపలా పేరు చెప్పి వెనక గేటు తీయించి గోడ కట్టించాడు. తర్వాత ఇంటిముందు రాట్నం పెట్టకూడదన్నాడు. ఇప్పుడు మగ్గం చప్పుడుకు నిద్ర పట్టడం లేదన్నాడు. మగ్గం లేకపోతే నేతపనివాడు ఆ ఇంట్లో ఏం తిని బతకాలి? అమ్ముకుని పోవాలి. కొనడానికి తిమ్మప్ప ఉన్నాడు.

ఆంజినమ్మ కొడుకు నాగేశ్వర బయటినుంచి ట్యాంకరు తెస్తే గేటు దగ్గర ఆపేశారు. అనుమతి లేని బండి లోపలికి రాకూడదట. ఇక మిగిలింది గోడ అవతలి చేతిపంపు. గోడ లేకపోతే నాలుగు అంగలు. గోడ ఉంది కాబట్టి కాలనీ అంతా చుట్టి పోవాలి.

ఆ రోజు ఆంజినమ్మ మున్సిపల్ ఆఫీసుకు పోయింది. అది మీ అసోసియేషన్ లోపలి యవ్వారం, మేము తలదూర్చకూడదని చెప్పి పంపించారు. ఇంటికి వచ్చేసరికి కోడలు జ్యోతిలక్ష్మి లేదు. నెలలు నిండుతున్న మనిషి, బరువులెత్తొద్దని ఆంజినమ్మ చెప్పే పోయింది. నాగేశ్వర మగ్గంలో ఉన్నాడు, దాహమవుతోందని భార్య బిందె తీసుకుని పోయిన సంగతే అతనికి తెలియదు. గోడ మలుపులో పడి ఉంది జ్యోతిలక్ష్మి. బిందె దూరంగా దొర్లింది. నీళ్లు మన్నులో ఇంకిపోయాయి, నెత్తురు ఇంకా ఇంకలేదు.

ఆస్పత్రిలో తల్లిని దక్కించారు. మగబిడ్డను గుడ్డలో చుట్టి ఆంజినమ్మ చేతుల్లో పెట్టారు.

పూడ్చేముందు బిడ్డకు స్నానం చేయించడానికి ఆ ఇంట్లో నీళ్లు లేవు. వెనక వీధుల ఆడవాళ్లు తాగడానికి దాచుకున్న దాంట్లోంచి తలా ఒక చెంబు తెచ్చి పోశారు. ఆంజినమ్మ ఏడవలేదు. ఆమె చేతులు మాత్రం బిడ్డ ఒళ్లు తుడవడం ఆపలేకపోయాయి. ఎవరో పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ఆ ఆదివారం సర్వసభ్య సమావేశం. తిమ్మప్ప మైకు పట్టుకుని, జరిగినదానికి విచారిస్తూ ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. అందరూ లేచారు. కూర్చున్నారు. తిమ్మప్ప గొంతు సవరించుకుని తర్వాతి అంశం చదివాడు: మగ్గాల తొలగింపుకు గడువు.

ఆంజినమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది.

"ఖాళీ ప్లాటుకు దప్పికయితాదా తిమ్మప్పా?"

"నిబంధన అందరికీ ఒకటే, ఆంజినమ్మా. బాధుంటే కోర్టుకు పో."

"నా మనవడు యాడికి పోవల్ల?"

అతను ఓట్లు అడిగాడు. తనొక్కడే చెయ్యెత్తాడు, కంపచెట్లన్నీ లెక్కకు వచ్చాయి. తీర్మానం గెలిచింది.

బయటికి వచ్చాక నేతపనివాళ్లు గుంపుగా నిలబడ్డారు. ఓబుళేసు అనే పడుచువాడు, ట్యాంకు పగలగొడదాం, ఈ సంఘమే వద్దని అరిచాడు. చాలామంది అవునన్నారు. ఆంజినమ్మ ఒప్పుకోలేదు.

"సంఘం లేకముందు మన గొంతు ఎవురన్నా ఇనిరా? కత్తి దొంగ చేతికి పోయినాదని కత్తిని ఇరగ్గొట్టుకుంటామా? లాక్కోవల్ల."

మర్నాడు పొద్దున వాళ్లంతా ట్యాంకు దగ్గరికి పోయారు. తిప్పేష్ అడ్డం నిలబడలేదు. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ నేలమీద పెట్టి పక్కకు జరిగాడు. కడ్డీతో వాల్వు విప్పగానే వెనక వీధుల్లో కొళాయిలన్నీ ఒక్కసారే దూకాయి. ముందు వీధి వాల్వు కూడా బిగించెయ్, వాళ్లకూ తెలిసిరావాలన్నాడు ఓబుళేసు. ఆంజినమ్మ కడ్డీ అందులో పెట్టింది. ఒక చుట్టు బిగించింది కూడా. ఆ క్షణంలో మేడలన్నీ ఎండి చావాలనే ఉంది ఆమెకు. గుడ్డలోని ఆ చిన్న ముఖం గుర్తొచ్చింది. బిగించిన చుట్టు వెనక్కి తిప్పి, కడ్డీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఎండ ఎక్కేసరికి పోలీసులు వచ్చారు. అసోసియేషన్ ఆస్తి దౌర్జన్యంగా ఆక్రమించారని తిమ్మప్ప ఫిర్యాదు. ఆంజినమ్మను జబ్బ పట్టి వ్యానులోకి తోశారు. అడ్డం పోయిన నాగేశ్వర భుజం మీద లాఠీ పడింది, చెయ్యి వేలాడిపోయింది. మగ్గం పలకను ముందుకీ వెనక్కీ తోసి నేసే చెయ్యి అది. వ్యాను వెనకే వెనక వీధులన్నీ స్టేషన్‌కు నడిచాయి.

ఆంజినమ్మను లోపలి గదిలో వేసి తలుపు మూశారు. మీరంతా ఇళ్లకు పొండని ఎస్సై గద్దించాడు. కాలనీలో వాల్వు మళ్లీ బిగించారని, ఈసారి పోలీసు కాపలా కూడా పెట్టారని ఫోను వచ్చింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఓబుళేసు, నిన్న సంఘమే వద్దన్నవాడు, స్టేషన్ ఆవరణలో లేచి నిలబడ్డాడు.

"కాలనీలో కాపురముండే జనం అంతా ఈడనే ఉండారు. మీటింగు ఈడనే పెడతాం. పొయ్యి వెలిగే ఇంట్లో మనిషికో ఓటు. తిమ్మప్పను తీసేద్దామనేటోళ్లు చేతులెత్తండి."

విరిగిన చెయ్యి పట్టుకుని నాగేశ్వర రెండో చెయ్యి ఎత్తాడు. అతని వెనక ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఒక్కో చెయ్యీ లేచింది. ముందు వీధినుంచి వచ్చి స్టేషన్ గేటు దగ్గర తటపటాయిస్తున్న ఇద్దరు ముగ్గురు కూడా ఎత్తారు. కానిస్టేబుళ్లు లాఠీలు తీసి దగ్గరికి వస్తున్నా ఓబుళేసు లెక్కపెడుతూనే ఉన్నాడు.

గది కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

"నా చెయ్యి కూడా లెక్కేసుకో అబ్బీ," అంది ఆంజినమ్మ.