ఫైనల్‌కి ముందు లేచే మనుషులు

ఇలా దగ్గరికి జరుగు, ఇంకాస్త, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, ఆవిడ ఆ రోజు పైకి అన్నది నాలుగు ముక్కలే, మిగతాదంతా లోపల ఉడికిందే, ఆ ఉడుకు వినపడాలంటే చెవి ఇటు పెట్టాలి, పెట్టావా, అయితే విను, లేవను, ఈసారి చచ్చినా లేవను, ఆయన గడియారం చూసుకుంటే చూసుకోనీ, దాని ముళ్ళు అరిగిపోయేదాకా చూసుకోనీ, నేను మాత్రం లేవను అనుకుంటోంది ఆవిడ, అనుకుంటూ చేతుల వంక చూసుకుంటే అవి అప్పటికే కింద పరుచుకున్న దుప్పటి మడతపెట్టేస్తున్నాయి, ఫ్లాస్కు మూత బిగించేస్తున్నాయి, ఎవరూ ఇంకా పదమనలేదు, మనవరాలు ఇంజన్ల మోత వినపడకుండా చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించుకుని కాళ్ళూపుకుంటూ బిస్కెట్టు తింటూనే ఉంది, అయినా ఈ చేతులు చూడు, ఆయన గడియారానికి కీ ఇచ్చినప్పుడల్లా వీటికీ ఇచ్చినట్టు వాటంతటవే సర్దేస్తున్నాయి, ఎంత ఒళ్ళు మండిందంటే మడతపెట్టిన దుప్పటిని మళ్ళీ విప్పి, విదిలించి, రేసులు చూసే ఆ ఇనప మెట్టు మీదే పరిచి, దాని మీద మేకు దిగ్గొట్టినట్టు కూర్చుంది.

తిన్నని రోడ్డు, పావు మైలు, మలుపు లేదు మెలిక లేదు, రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, మధ్యలో దీపాల కంబం, పసుపు వెలిగి పచ్చ వెలగగానే దూకాలి, నువ్వు రెండుసార్లు ఊపిరి తీసుకునేలోపు అయిపోతుంది, ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి పోటీకి, నిన్నంతా టైములు చూసుకున్నారు, ఇవాళ పొద్దుటినుంచి ఒక్కొక్కరినీ ఏరేస్తూ ఏరేస్తూ ఇద్దర్ని మిగిల్చారు, తెల్లబండివాడొకడు, రెండోది చిలక, చిలక అన్న పేరు ఈవిడ పెట్టుకున్నదే, ఒళ్ళంతా పచ్చ, ముక్కు దగ్గర ఎరుపు, దాన్ని నడిపే మనిషిది ఇంచుమించు ఈవిడ వయసే, హెల్మెట్ తీస్తే నెరిసిన జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుని ఉంటుంది, ఇదే నా ఆఖరి ఏడాది అని నిన్న మైకులో చెప్పింది ఆ చిలకావిడ, చెప్పి నవ్వింది, ఈవిడ మాత్రం నవ్వలేకపోయింది, ఎందుకంటే ఇన్నేళ్ళలో చిలక పరుగులన్నీ చూసింది కానీ ఒక్క ఫైనలూ చూడలేదు, చిలక ఫైనల్ దాకా వచ్చినప్పుడల్లా ఈవిడ ఎక్కడుందంటే పార్కింగులో, లేకపోతే పెద్ద రోడ్డు మీద, కారు ముందు సీట్లో, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని, వెనక ఎక్కడో దూరంగా ఉరిమినట్టు చప్పుడు, ఏమండీ అది ఫైనలేనండీ అంటే, అవునే, మనం హాయిగా బయటపడ్డాం అని ఆయన స్టీరింగు మీద వేళ్ళతో దరువేసేవాడు, ఆ దరువు గుర్తొస్తే ఇప్పటికీ చెవిలో జోరీగ దూరినట్టుంటుంది.

పోనీ చెడ్డవాడా అంటే కాదు, అదే చిక్కు, చెడ్డవాడైతే ఏనాడో నాలుగు కడిగేసేది, బస్సు నడిపి రిటైరైన మనిషి, బతుకు సగం ఎర్రదీపాల దగ్గర, లారీల వెనక, హారన్ల మధ్య పోగొట్టుకున్నాడు, రోడ్డు నిండకముందే ఇల్లు చేరడమొక్కటే ఆయనకి గెలుపు, సినిమాకెళితే ఆఖరి పాట మొదలవగానే పద పద, ఆ సినిమాలో పిల్ల బతికిందో చచ్చిందో పక్కింటావిడ చెబితే తెలియాలి, మొన్న మనవరాలి బడిలో నాటకం, పాపది చెట్టు వేషం, చివర్లో ఒక్కటంటే ఒక్క మాట చెప్పాలి, ఆ మాటేమిటో పాప ఇంటికొచ్చి చెట్టులా నిలబడి చెప్పింది, తాతయ్య చప్పట్లు కొట్టాడు, కొట్టడూ మరి, ఇంటి దగ్గర చప్పట్లకి ట్రాఫిక్ అడ్డం రాదుగా, ఇంకొకటి, అసలు ఈ రేసుల పిచ్చి ఎవరిది, ఈవిడది, కార్ల సీటు కవర్లు కుట్టే షాపులో రెక్సిన్ మీద వంగి వంగి నడుం పట్టేసినా ఈ రెండు రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూసేది ఎవరు, ఈవిడ, కానీ అల్లుడు ఎవరితోనైనా చెప్పేటప్పుడు మాత్రం మా మామయ్యకి రేసులంటే ప్రాణమండీ అంటాడు, ఆయన కాదనడు, ఆరిందాలా తల ఊపుతాడు, ఇవాళ కూడా అంతే, ముందు వరసలో కూర్చున్న ఎవరికో చిలక గురించి చెబుతూ కూర్చున్నాడు, చెప్పినవన్నీ తప్పులే, ఈవిడ తింటున్న గుడ్డుకి అంటుకున్న పెంకు ముక్క పళ్ళ మధ్య పటుక్కున నలిగింది, ఆ గుడ్లూ తనే ఉడకబెట్టి తెచ్చింది.

కింద రోడ్డు మీద పట్టు కోసం టైర్లు కాల్చుకుంటున్నారు, నీళ్ళలో చక్రాలు గిర్రున తిప్పితే తెల్లటి పొగ లేచి మెట్ల మీదికి వచ్చింది, కాలిన రబ్బరు వాసన, అది ఈవిడ అన్నయ్య చొక్కా వాసన, ఇంజన్ల షెడ్డులో పనిచేసేవాడు అన్నయ్య, గోళ్ళ కింద నలుపు ఏ సబ్బుకీ పోయేది కాదు, ఆ నల్ల చేతులతోనే చిన్నప్పుడు తనని భుజాల మీద ఎక్కించుకుని మొదటిసారి ఇక్కడికి తెచ్చాడు, అప్పుడీ మెట్లు లేవు, మట్టి గట్టు, బండిని చూడకే బుడ్డీ, బండి ఎటూ పోదు, దీపాల్ని చూడు అనేవాడు, పచ్చ వెలిగాక కదిలితే పరుగు, రెప్పపాటు ముందు కదిలావా ఎర్రదీపం, ఇక నువ్వు గాల్లో ఎగిరినా ఓడిపోయినట్టే, ఎర్రదీపం పడ్డ బండి కూడా ఆగదు చూడు, చివరిదాకా పోతుంది, అదీ మర్యాద అనేవాడు, అన్నయ్య ఏ రేసుకి తెచ్చినా చివరిబండి పొగ ఆరేదాకా కదిలేవాడు కాదు, చీకటి పడ్డాక సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని, గెలిచినవాడి గురించీ ఓడినవాడి గురించీ సమానంగా మాట్లాడుతూ తీసుకెళ్ళేవాడు.

ఇంతలో మైకులో మాట, ట్రాక్ మీద నూనె కారింది, శుభ్రం చేయాలి, ఫైనల్ ఆలస్యమవుతుంది, అంతే, ఆయన లేచాడు, కాలు కాలిన పిల్లిలా మెట్టు దిగాడు, ఎక్కాడు, వాళ్ళు తుడిచేసరికి ఎంతవుతుందో, చూడవే జనం, ఇదంతా ఒకేసారి గేటు దగ్గర పడితే ఇక అంతే, అన్నాడు, కూతురు పాప చెవుల డిప్పలు సర్దుతూ, అమ్మా ఎవరు గెలిచారో కారులో ఫోన్లో చూసుకుందాంలే అంది, అదే పెద్ద తెర అన్నట్టు ఫోను చూపించింది కూడా, అల్లుడు నవ్వుతూ అత్తయ్యగారు చిలక సీటుకి కవరు కుట్టేదాకా వచ్చేలా లేరు అన్నాడు, పాపకి ఏమీ వినపడక అమ్మమ్మా అయిపోయిందా అని ఊరంతా వినేలా అరిచింది, అవ్వలేదమ్మా అని ఈవిడా అరిచింది, అప్పుడన్నాడు ఆయన ఆ మాట, ఇప్పుడు కదిలితే వంతెన దాటేస్తాం.

ఇప్పుడు కదిలితే వంతెన దాటేస్తాం, ఇదే మాట, ఇదే గొంతు, ఇదివరకు ఒక సాయంత్రం, ఆయన ఆస్పత్రి గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, అన్నయ్య కిటికీ పక్క మంచం మీద, కళ్ళు తెరవడం లేదు, ఈవిడ చేతిలో అన్నయ్య చెయ్యి, గోళ్ళు తెల్లగా ఉన్నాయి, పనిలోకి పోక నెలలైందిగా, ఆ నలుపు పూర్తిగా పోయింది, ఊపిరి ఎగశ్వాసగా ఉంది, నర్సు వచ్చి చూసి వెళ్ళింది, ఆఫీసులు వదిలే టైమవుతోందే, ఇప్పుడు కదిలితే వంతెన దాటేస్తాం, పొద్దున్నే మళ్ళీ వద్దాం అన్నాడు ఆయన, మెత్తగానే అన్నాడు, ఈ చేతులే, ఈ దిక్కుమాలిన చేతులే, అన్నయ్య చేతిని దుప్పటి కింద పెట్టి, గ్లాసు కడిగి, ఈ ఫ్లాస్కుకే మూత బిగించి, లేచి నిలబడ్డాయి, వంతెన దాటేశారు, ఎక్కడా ఆగకుండా దాటేశారు, ఇంటికొచ్చి తీగ మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఫోను మోగింది, తర్వాత చాలా రోజులు ఈవిడ ముద్ద ముట్టకపోతే ఆయన పక్కన కూర్చుని ఓదార్చాడు, మనం అక్కడున్నా చేసేదేముందే, చూడటం తప్ప, అని, చూడటం తప్ప, ఆ మాటని ఈవిడ అప్పుడు మింగేసింది, ఆ మింగింది ఇన్నాళ్ళూ అరగలేదు.

మీరు వెళ్ళండి, నేను చూసి వస్తాను, అంది ఈవిడ.

గట్టిగా కూడా అనలేదు, అయినా అల్లుడి నవ్వు సగంలో ఆగింది, కూతురు అమ్మా అంది, ఆయన మాత్రం ఏమిటే ఈ వయసులో పంతం, పాపకి నిద్రొస్తోంది అన్నాడు, పాప రెండో బిస్కెట్టు ప్యాకెట్టు చింపుతోంది, నీ ఇష్టం, మేం కారులో ఉంటాం, అన్నాడు, ఆ నీ ఇష్టం అన్న మాటలో ఇష్టం ఒక్కటే లేదు, మొహం మాడ్చుకుని మెట్లు దిగాడు, మూడోమెట్టు దగ్గర వెనక్కి చూశాడు, ఎప్పుడూ వెనకే వచ్చే మనిషి కదా, వస్తోందనే అనుకున్నాడు, ఈవిడ దీపాల కంబం వంక చూస్తోంది, దుప్పటి అంచుని రెండు పిడికిళ్ళతో పట్టుకుంది, చేతుల్ని నమ్మలేక.

తుడిచారు, ఆరబెట్టారు, రెండు బండ్లూ వచ్చి గీత దగ్గర నిలబడ్డాయి, ఇంజన్లు గొంతు చించుకుంటే కింద ఇనుము, ఇనుము మీద దుప్పటి, దుప్పటి మీద ఈవిడ ఎముకలు అన్నీ ఒకేసారి వణికాయి, బండిని చూడకే బుడ్డీ, చూడట్లేదు అన్నయ్యా, దీపాలే చూస్తున్నా, పసుపు, ఆ తర్వాత పచ్చ రావాలి, రాకముందే చిలక పక్కన ఎర్రగా వెలిగింది, జనమంతా ఒక్కసారి అయ్యో అన్నారు, రెప్పపాటు, అంతకంటే తక్కువ, ముందే కదిలింది చిలక, అంత అనుభవం ఉన్న మనిషి, ఆఖరి ఏడాది, ఆఖరి పరుగు, ముందే కదిలింది, కానీ ఆగలేదు, తెల్లబండిని వెనక వదిలేసి పావు మైలూ దూసుకుపోయి, చివర్లో వేగం తగ్గించే గుడ్డ గొడుగుని వెనక విప్పుకుని, లెక్కలోకి రాని టైమొకటి బోర్డు మీద వేసి, అప్పుడు ఆగింది.

బండ్లని వెనక్కి తెచ్చే దారి మెట్ల పక్కనుంచే, చిలకని తాడు కట్టి లాక్కొస్తున్నారు, చిలకావిడ దిగి పక్కన నడుస్తోంది, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది, నెరిసిన జుట్టు నుదుటికి అతుక్కుంది, ఏడుస్తుందేమో అనుకుంది ఈవిడ, ఏడవలేదు, చేతి తొడుగు లాగి బండి నెత్తిన ఫెడీమని ఒక్కటిచ్చింది, మళ్ళీ ఇచ్చింది, ఏదో తిట్టింది కూడా, అంతమంది చూస్తుండగా కోపం మొత్తం పైకి తీసి చూపించింది, పోనీలే అని ఎవరూ అనలేదు, భుజం తట్టబోయినవాణ్ణి కూడా చేత్తో ఆపేసింది, అలా కొట్టి కొట్టి, చివరికి ఆ పచ్చరేకు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిమురుతూ నడిచింది, షెడ్డులోకి మలుపు తిరిగేదాకా చెయ్యి తీయలేదు, ఈవిడ ఒక్క అడుగూ వదలకుండా చూసింది, కళ్ళు మండుతున్నా రెప్ప వేయకుండా చూసింది, పొగ ఆరేదాకా కూర్చుని, అప్పుడు లేచి, అప్పుడు దుప్పటి మడతపెట్టింది.

ఈవిడ వచ్చి కారెక్కాక అనుకున్నట్టే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు, వంతెన ఇంకా కనపడనేలేదు, ముందు కార్లు వెనక కార్లు, ఆయన ఇంజను గుర్రుమనిపిస్తూ అంగుళం అంగుళం జరుగుతున్నాడు, బస్సు నడిపిన రోజుల్లోనూ అంతేనట, జామ్‌లో ఇంజను ఆపితే ఓటమి ఒప్పుకున్నట్టే అనేవాడు, వెనక సీట్లో కూతురికీ అల్లుడికీ మధ్య పాప, ఒళ్ళో డిప్పలు పెట్టుకుని మెలకువగానే ఉంది, అప్పుడు ఆయన అన్నాడు, ఓడిపోయిందటగా నీ చిలక, ఆ ఓటమి చూడ్డానికా మమ్మల్నందర్నీ ఇలా కూర్చోబెట్టావ్, ఎప్పటిలా అయితే ఈవిడ కిటికీలోంచి బయటికి చూసేది, ఇప్పుడు ఆయన వైపే చూసింది, చూడటం తప్ప అన్న ఆ పాతమాట తనంతట తను లోపల తిరగబడి నిలబడింది, అవును, చేసేదేమీ లేదు, చిలకకీ చేయలేదు, అన్నయ్యకీ చేయగలిగేది కాదు, నాకు కావలసింది ఏదో చేయడం కాదు, చూడటమే, నావాళ్ళు ఓడిపోతున్నా సరే, పోతున్నా సరే, ఆ చివరి క్షణం నాది, అది నా కళ్ళ ముందు జరగాలి, ఇన్నాళ్ళూ నేను పోగొట్టుకున్నది అదే, దానికే ఇంత కోపం.

చిలక ఓడిపోవడం చూశాను, మా అన్నయ్య పోవడం చూడలేదు, అంది.

ఆయన చెయ్యి స్టీరింగు మీద దరువు వేయబోయి ఆగింది, ముందు కారు జరిగింది, ఈయన జరగలేదు, వెనకవాడు హారన్ కొట్టాడు, ఇంకొకడు కొట్టాడు, ఆయన తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు, ఆపేసి తలవంచుకుని కూర్చున్నాడు, ఈవిడ కోపం చల్లారిందా అంటే లేదు, చల్లారాలని ఎవరన్నారు, కానీ ఒళ్ళోని చేతులు రెండూ కదలకుండా, వాటికి ఇక సర్దవలసిందేమీ లేనట్టు, ఊరికే ఉన్నాయి, అప్పుడు పాప వెనకనుంచి మెడ చాపి అమ్మమ్మా చివర్లో ఏమైంది అని అడిగింది, ఈవిడ మట్టి గట్టు దగ్గర్నుంచి చెప్పడం మొదలెట్టింది.

ఇదీ కథ, గుర్తుపెట్టుకో, నీకూ వినేవాళ్ళు దొరుకుతారు, దొరికినప్పుడు చెప్పు, ఒక్కటే అడుగుతున్నా, ఎర్రదీపం దగ్గర ఆపేయకు, టైము చూసుకుని లేచిపోకు, ఆవిడ ఆ పచ్చరేకు నిమురుతూ మలుపు తిరిగేదాకా, ఆ ఇంజను ఆగేదాకా, అంతా చెప్పి అప్పుడు లే.