పసుపు బిళ్ళ

ఆ ఏడు వానాకాలమంతా వసంతకు మనసు మనసులో లేదు. దానికి కారణం ఒక ఆవు. అదీ తన ఆవు కాదు, షాల్‌క్రాస్ పేట కింది లోయలో ఉండే సరస్ పెద్దమ్మ ఆవు. పేరు గౌరి. తిరుపతిలో పశువైద్యం చదివి, సముద్రం దాటి డర్బన్ వచ్చి, పశువుల నెత్తురు తాగే గోమార్ల మీద పరిశోధన చేసే మనిషి ఒక్క ఆవును తలుచుకుని కాలుగాలిన పిల్లిలా తిరగడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వేవాళ్ళకేం, చేసిన పని వాళ్ళది కాదు కదా.

ఆ దేశంలో నల్లవాళ్ళు మొదటిసారి ఓటేసిన ఎన్నికలు జరిగి రెండేళ్ళు దాటింది. పాత ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ ప్రతి పశువునూ గోమార్లు చచ్చే మందునీళ్ళ తొట్టిలో దింపి ఈదించి తీరాలి. దింపకపోతే జరిమానా. పాత దొరలు మా పశువులను లెక్కపెట్టుకున్న తొట్లలోకి మళ్ళీ వాటినెందుకు దింపాలని ఇప్పుడు జనం అన్నారు. కొత్త ఆఫీసుల్లో ఏ కుర్చీ ఎవరిదో తేలక మందు రావడమూ ఆగింది. తొట్లలో వాననీళ్ళు, బీరు సీసాలు, కప్పలు చేరాయి. స్వేచ్ఛ ఎవరెవరికి అందిందో గానీ గోమార్లకు మాత్రం అందరికన్నా ముందే అందింది.

అందుకే వసంత పనిచేసే పరిశోధన కేంద్రం ఒక కొత్త మందును పరీక్షకు పెట్టింది. తొట్టి అక్కర్లేదు, పశువు వీపు మీద మెడ నుంచి తోక దాకా ఒక ధార పోస్తే చాలు. సగం పశువులకు మందు, సగానికి ఉత్త నూనె. చూడ్డానికి రెండూ ఒకటే. మందు పోసినవాటి చెవికి నీలం బిళ్ళ, నూనె పోసినవాటికి పసుపు బిళ్ళ. ఏది ఏదో యజమానులకు చెప్పకూడదు. చెబితే నూనె వచ్చినవాళ్ళు చాటుగా ఇంకేదో పూస్తారు, పరీక్ష కాస్తా గంగలో కలుస్తుంది. ఏ పశువుకు ఏ బిళ్ళ అన్నది సంచిలో చెయ్యి పెట్టి తీయాలి. మనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న మాటే అక్కడ రాకూడదు. కేంద్రం పెద్ద గిల్బర్ట్ ఈ సంగతి ఒకటికి పదిసార్లు చెప్పాడు. వసంత ప్రతిసారీ బుద్ధిగా తల ఊపింది.

బిళ్ళలు వేసిన రోజున లోయలో వాగు పక్కన కొయ్య దొడ్డి కట్టారు. వాగు ఇవతల ఇండియన్ల ఇళ్ళు, అవతల అక్కడి నల్లవాళ్ళు జులూల ఇళ్ళు. అందరూ పశువులను తోలుకొచ్చి వరసలో నిలబడ్డారు. గౌరి వంతు వచ్చింది. వసంత సంచిలో చెయ్యి పెట్టి తీస్తే నీలం వచ్చింది. అమ్మయ్య అనుకుంది, పైకి అనలేదు.

"నీలం వద్దు పిల్లా," అంది సరస్ పెద్దమ్మ. "గౌరి అమ్మోరికి మొక్కిన ఆవు. పసుపు పెట్టు. అమ్మోరి కలర్."

"అట్లా ఎంచుకోకూడదు పెద్దమ్మా. చేతికి ఏది వస్తే అదే."

"నీ దుంప తెగ, ఒక బిళ్ళ అడిగితే నాకి రూల్ చెప్తావా? సొంత పిల్ల అనుకుంటిని."

ఈ పెద్దమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆమె తాతలు విశాఖ తీరం నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఇంట్లో మనవలకంతా ఇంగ్లీషే. ఆమె దగ్గర మిగిలిన తెలుగు మూడు రకాలు: దేవుడి పాటలు, కూరల పేర్లు, తిట్లు. అన్నిటికన్నా తిట్లే చెక్కుచెదరకుండా మిగిలాయి. మొదటిసారి వసంతను చూసినప్పుడే, "ఏం పిల్లా, నీ మొగం మండ, ఇట్లా ఎండిపోయినావు, తినేకి లేదా?" అని తిట్టి, పళ్ళెంలో అన్నం పెట్టింది. ఓవర్‌పోర్ట్‌లో అద్దె గదిలో ఒంటరిగా ఉంటూ, వారమంతా ఎవరితోనూ తెలుగు మాట్లాడక నాలుక మొద్దుబారిన వసంతకు ఆ తిట్టు వింటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటినుంచి ఆదివారాలు ఆ ఇంట్లోనే. తిట్లు తినడానికే వెళ్ళేదంటే తప్పు లేదు.

అలాంటి మనిషి నిండు దొడ్డిలో అలిగి నిలబడితే ఏం చేయాలి? పసుపులో మందు లేదని చెప్పడానికి వీల్లేదు. గౌరి వెనక వరసలో సామ్ నిలబడి ఉన్నాడు. ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు, వాగు అవతలి మనిషి, అతనిదొక ఎర్ర పెయ్య. సంచిలో చెయ్యి పెడితే ఆ పెయ్యకు పసుపు వచ్చింది. వసంత ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, రెండు బిళ్ళలూ మార్చేసింది. పసుపు గౌరికి, నీలం పెయ్యకు. పసుపు బిళ్ళ వేసిన ఆవులన్నీ జబ్బు పడతాయా ఏమిటి, లెక్క ఎటూ సరిపోయింది కదా అని తనకు తనే చెప్పుకుంది. పెద్దమ్మ మొహం విప్పారింది. సామ్ అదంతా చూశాడు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు. ఇంటికి వెళ్ళే దారిలోనే వసంతకు అసలు సంగతి తట్టింది. గోమార్లు కుట్టి పెరిగిన దూడకు ఎర్రమూత్రం జబ్బు చిన్నప్పుడే కొద్దిగా వచ్చి పోతుంది, ఆ తర్వాత అది ఆ జబ్బును తట్టుకుంటుంది. వాగు అవతలి పశువులన్నీ అలా గట్టిపడ్డవే. గౌరి అలా కాదు. దూడగా ఉన్నప్పటినుంచీ సరస్ పెద్దమ్మ రోజూ పొద్దున్నే కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టుకుని, దాని ఒంటిమీద గోమారి అన్నది కనబడితే గిల్లి అందులో వేసేది. అంత అపురూపంగా పెరిగిన ఒంటికి ఆ జబ్బు పరిచయమే లేదు. పైగా ఇప్పుడు చూలుతో ఉంది. ఇక పరీక్ష షరతు ప్రకారం గిల్లడం మానెయ్యాలి.

పెద్దమ్మ సంతోషంగా మానేసింది. "మీ ఆఫీస్ మందు ఉంది, నాకి ఏల ఆ పని," అని డబ్బా మూలకు పెట్టింది. వచ్చినవాళ్ళకల్లా గౌరి చెవి చూపించి, మా పిల్ల చూసి పెట్టింది, మంచి మందు అని చెప్పేది.

వానలు పడ్డాయి. గడ్డి మోకాలెత్తు పెరిగింది. వసంత వచ్చి చూసినప్పుడల్లా గౌరి చెవుల వెనక, పొదుగు మీద, తోక కింద గోమార్లు నెత్తురు తాగి శెనగల్లా ఉబ్బి కనిపించేవి. వాటిని లెక్కపెట్టి రాసుకోవడం ఆమె పని. గిల్లడం ఆమె పని కాదు. ఆమె వేళ్ళు మాత్రం గిల్లమని పీకేవి. సామ్ పెయ్య నున్నగా నిగనిగలాడేది.

ఒకసారి నీలం సీసాను సంచిలో వేసుకుని లోయ దాకా వచ్చింది. చాటుగా గౌరి వీపు మీద నాలుగు చుక్కలు పోస్తే పోయేదేముంది? పోస్తే పరీక్ష అబద్ధమవుతుంది, దాన్ని నమ్మి రేపు ఎందరో పశువులకు వాడతారు. మళ్ళీ అలాగే వెనక్కి తీసుకెళ్ళింది. గిల్బర్ట్‌తో చెప్పి గౌరిని పరీక్షలోంచి తీసేద్దామని అతని గది గుమ్మం దాకా వెళ్ళింది. చెప్పాలంటే బిళ్ళ మార్చిన సంగతీ చెప్పాలి. నీ మనుషులకు నువ్వు చేసుకున్నావన్నమాట అంటాడు. అనకపోయినా అనుకుంటాడు. తేలు కుట్టిన దొంగకు ఏడ్చే వీలు కూడా ఉండదు. గుమ్మంలోంచే తిరిగి వచ్చింది. రాత్రిళ్ళు మంచం మీద దొర్లేది, పగలు ఎవరేమడిగినా విసుక్కునేది.

మళ్ళీ మందు పోసే శనివారం వచ్చింది. వసంత దొడ్డి దగ్గర వ్యాను దిగేసరికి వాగు అవతలివాళ్ళంతా సామ్ వెనక నిలబడి ఉన్నారు. పశువులను దొడ్డిలోకి తోలలేదు. సామ్ చేతిలో పట్కారు ఉంది.

"డాక్టర్, మాకూ పసుపే కావాలి," అన్నాడు. "ఇవ్వకపోతే ఈ నీలం బిళ్ళలు ఇప్పుడే కోసి నీ చేతిలో పెడతాం."

"ఎందుకు?"

"ఆ రోజు నేను చూశాను. నా పెయ్యకు వచ్చింది తీసి గోగో ఆవుకు పెట్టావు." గోగో అంటే వాళ్ళ భాషలో అవ్వ. "గోగో మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ ఇంతే. మంచిదేదైనా ముందు తెల్లవాళ్ళకి, తర్వాత ఇండియన్లకి, ఏమైనా మిగిలితే మాకు. ఇది మారాలనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడి ఓటేశాం. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. నీకప్పుడే ఈ పద్ధతి ఎవరు నేర్పారు?"

అతను అరవలేదు. అరిచి ఉంటే వసంతకు సులువుగా ఉండేది. అతను అన్నదాంట్లో ఒక్కటి తప్ప అంతా నిజమే. ఆ ఒక్కటీ చెప్పడానికి వీల్లేదు. చెప్పకపోతే ఇన్ని పశువులు అందుతున్న మందును పోగొట్టుకుంటాయి.

"సామ్, నా పిల్లను ఏమనకు," అంటూ సరస్ పెద్దమ్మ గౌరిని పట్టుకుని ముందుకొచ్చింది. "మా మనిషి మాకి చూసుకోదా? దాంట్లో ఏముంది?" ఆ తర్వాత వసంత వైపు తిరిగి గొంతు తగ్గించింది. "గౌరి రాత్రి నుంచి తినలేదు పిల్లా. ఒళ్ళు వేడి. ఈనేకి టైమ్ అయిందేమో, చూడు."

వసంత గౌరి కళ్ళ రెప్ప తిప్పి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. అప్పుడే గౌరి తోక ఎత్తింది. మూత్రం నల్ల టీ రంగులో మట్టిమీద పడి నురగ కట్టింది. పశువులతో పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళంతా. అది ఎర్రమూత్రమని చూడగానే పోల్చుకున్నారు.

"పసుపులో మందు లేదు," అంది వసంత. ముందు ఇంగ్లీషులో అంది. తర్వాత పెద్దమ్మ మొహం చూసి తెలుగులో అంది. "మందు నీలంలో ఉంది. పసుపు ఉత్త నూనె."

సామ్ పట్కారును జేబులో పెట్టుకున్నాడు. గెలిచినవాడి మొహం కాదు అతనిది. వచ్చి గౌరి ముక్కుతాడు తన చేతిలోకి తీసుకుని, దాని తలను ఛాతీకి ఆనించి గట్టిగా పట్టుకున్నాడు. వసంత సూది మందు ఎక్కించింది. రెండోసారికి గానీ సరిగ్గా దిగలేదు.

"ఆ దినం నీకి తెలుసా?" అని అడిగింది సరస్ పెద్దమ్మ. "నేను పసుపు అడిగిన దినం?"

"తెలుసు పెద్దమ్మా."

పెద్దమ్మ ఆవు వైపు తిరిగింది. గౌరి గంగడోలు నిమురుతూ నిలబడింది.

సోమవారం వసంత గిల్బర్ట్‌కు మొత్తం చెప్పింది. అతను కేకలేస్తాడనుకుంది, వేయలేదు. లోయ మొత్తాన్ని పరీక్షలోంచి కొట్టేశాడు. ఇకమీదట బిళ్ళల సంచి ఆమె చేతికి ఇవ్వనన్నాడు. లోయలో పశువులన్నిటికీ నీలం మందే పోసి రమ్మన్నాడు. ఆమె వెళ్ళబోతుంటే, "మందు మాత్రం పనిచేస్తోందని తేలిపోయింది, వసంతా," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

గౌరి బతికింది. దూడ మాత్రం నిలవలేదు, నెలలు నిండకుండానే చచ్చి పడింది. ఆ రాత్రి సామ్ వాగు దాటి వచ్చి గొయ్యి తవ్వి పాతిపెట్టాడని వసంత ఇతరుల నోట విన్నది. ఆమెకు ఎవరూ కబురు పంపలేదు.

వారం తర్వాత మందు సీసా పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా తిట్లకు సిద్ధపడుతూనే ఉంది. ఎన్ని తిట్టినా పడదాం, కాళ్ళు పట్టుకుందాం, ఏడుస్తే ఏడుద్దాం అనుకుంది. సరస్ పెద్దమ్మ తలుపు తీసింది.

"గుడ్ మార్నింగ్, డాక్టర్," అంది. "కమిన్. సిట్."

ముందు గదిలో కుర్చీ చూపించింది. అది వచ్చిపోయే పరాయివాళ్ళు కూర్చునే కుర్చీ. వసంత ఎప్పుడూ వంటింట్లో పీట మీద తప్ప కూర్చోలేదు. టీ వచ్చింది, పక్కన సాసరులో బిస్కెట్లు. ఎలా ఉన్నావని, పని ఎలా ఉందని పెద్దమ్మ ఇంగ్లీషులో అడిగింది. తిన్నావా అని అడగలేదు.

"పెద్దమ్మా, ఒక్క మాట తిట్టు," అంది వసంత.

"నో, నో, డాక్టర్. యూ డిడ్ యువర్ జాబ్."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. గౌరి చిక్కిపోయింది, నిలబడితే పక్కటెముకలు కనిపిస్తున్నాయి. వసంత మెడ నుంచి తోక దాకా మందు ధార పోస్తోంది. చల్లగా తగిలేసరికి ఆవు అదిరిపడి, తాడు లాక్కుని, పెద్దమ్మ కాలు తొక్కింది.

"నీ దుంప తెగ, నీ మొగం మండ, కుదురుగా నిలబడవే," అని పెద్దమ్మ గౌరి మూపు మీద ఒక్కటి చరిచి, ఆ చేత్తోనే దాని చెవి వెనక గోకింది. అంతలో పక్కన మనిషి ఉందని గుర్తొచ్చి తిరిగి చూసింది.

"సారీ, డాక్టర్," అంది.