కార్లు లేని ఖైరాన్

ఇరాక్ సైన్యం కువైట్‌లో జొరబడి నెల కావొస్తాంది. రేపు తెల్లారి, మేముండే కువైట్ నగరంలోని ఖైతాన్ పేట నుంచి జోర్డాన్‌కు బస్సు. జాబితాలో నా పేరు, నా భార్య రెడ్డెమ్మ పేరు ఉన్నాయి. ఆమె మాత్రం ఖైరాన్‌లో ఉంది. మేం 'మామా' అని పిలిచే మా యజమానురాలు లండన్ పోతా, సముద్రం ఒడ్డున ఉన్న సెలవు ఇల్లు చూసుకోమని ఆమెను అక్కడ పెట్టింది. దించి వచ్చిన డ్రైవర్ని నేనే.

నా స్నేహితుడు మస్తాన్ వలి కూరగాయల పికప్ బండిలో ఇద్దరం పోయినాం. ముచ్చటైన ఊరు. తెల్ల గోడలు, నీలం కిటికీలు, మూసిన ఐస్‌క్రీం కొట్టు. మనిషి జాడ లేదు.

"ఏ ఇల్లన్నా?"

తెలిస్తే కదా. ఆరేండ్లూ ఇండ్ల ముందు నిలిపిన కార్లను బట్టే ఇల్లు గుర్తుపట్టినా. ఎర్ర జీపు దాటితే మాది. ఇప్పుడు ఒక్క కారూ లేదు, సైనికులు తోలుకుపోయినారు. తలుపు మీద నంబరు చూసిన పాపాన పోలేదు నేను.

"నీకు జీతమెట్లిచ్చినారప్పా!" అన్నాడు మస్తాన్.

"మే, రెడ్డెమ్మా!" గేటుగేటుకూ అరిచినా. ఒక్క కిటికీ తెరుచుకోలేదు. ఐదింటికి దోవలో చెక్‌పోస్టు మూస్తారు. అప్పటికే నాలుగు.

"బతికుంటే పలకదా?"

వాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టలేక, పక్క నుంచి చెయ్యి చాపి హారన్ నొక్కినా. మామా బజారు నుంచి వస్తే కొట్టించే తీరు అది: రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

వీధి చివర తలుపు దభాలున తెరుచుకుంది. రెడ్డెమ్మ పరుగున వచ్చింది. నా దిక్కు కాదు, సామాను దించడానికి నేరుగా బండి వెనక్కి. ఖాళీ బండి చూసి నిలబడిపోయింది.

"మామా యాడ?"

"లండన్‌లో. నేనొచ్చినా. అంతగా అరిస్తే పలకవేం?"

"మొగ గొంతని మంచం కింద దూరినా."

"మొగుని గొంతు తెలీదా?"

"ఆరేండ్లుగా 'యల్లా, తొందరగా సామాను దించు' తప్ప ఏం మాట్లాడినావు నాతో?"

మస్తాన్ సముద్రం దిక్కు చూసినాడు.

"రేపు బస్సుంది. ఎక్కు."

"తాళం ఎవరికియ్యాల?"

"సముద్రంలో పారెయ్."

లోపలికి పోయింది. కాలు నిలవక బండి చుట్టూ తిరిగినా. గుడ్డల మూట తెచ్చి, తలుపుకు తాళమేసి, తాళంచెవి రవికెలో దోపుకుంది. ముందు చోటున్నా వెనక ఖాళీ తట్టల మధ్య ఎక్కింది.

"ముందుకు రా మే."

"ఈడ బాగుండాది."

మస్తాన్ బండి కదిలించినాడు. వీధి మలుపులో ఆపమని, దిగి వెనక ఎక్కినా. ఆమెకు బారెడు దూరంలో కూర్చున్నా. 

"ఎండగా ఉండాదా?" అన్నా.

"కనపళ్ళేదా?" అనింది, నాకు చోటిచ్చేదానికి కొంచెం జరుగుతా.