హైమావతి బుగ్గ మీద నేను

నేను ఒక పెన్సిల్‌ని. అక్షరాలు దిద్దేదాన్ని కాదు లెండి, ముఖాలు దిద్దేదాన్ని. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, మద్రాసు దుకాణంలో గాజుబీరువాలో కొన్నాళ్లు కూర్చుని, చివరికి చీరాలలో ఫోటో స్టూడియో నడిపే ఇస్మాయిల్ గారి చేతిలో పడ్డాను. రంగు ఫోటోలు ఇంకా రాని రోజులవి. నెగెటివ్ మీద నేను గీసినచోట ఫోటోలో తెల్లబడుతుంది. మొటిమలు, కళ్లకింద నలుపు, అన్నీ మాయం! దీన్నే టచింగ్ అనేవారు. ఎంత గర్వమో నాకు! మనుషులూ భలేవాళ్లు. "ఉన్నది ఉన్నట్టే తియ్యండి" అంటూనే పౌడరు డబ్బా కోసం వెతుకుతారు.

ఒకరోజు నేతపని చేసే మంగతాయి తన కూతురు హైమావతిని తీసుకొచ్చింది. పదో తరగతి హాల్‌టికెట్‌కి ఫోటో కావాలి. ఆ పిల్లకి ఎడమ కంటికింద నుంచి గడ్డం దాకా నల్లటి పుట్టుమచ్చ. తిన్నగా చూడమంటే, పాపం, తల దించుకునే చూసింది.

ఇస్మాయిల్ గారిది వెన్నలాంటి మనసు. ఎవరూ అడక్కుండానే ఆ పూటంతా నాతో గీసి గీసి మచ్చని పూడ్చేశారు. ఫోటో చూసి మంగతాయి ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. హైమావతి మాత్రం, "ఈ అమ్మాయి బాగుంది" అంది. 'నేను బాగున్నాను' అనలేదు. అది నా బుర్రకీ, ఇస్మాయిల్ గారి బుర్రకీ ఎక్కలేదు.

పరీక్షల మొదటిరోజు మంగతాయి ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, కొంప మునిగింది! ఫోటోలో ఉంది నా బిడ్డ కాదంట. ఎవరి బదులో రాయడానికి వచ్చిందంట. లోపలికి పోనియ్యట్లా!"

ఇస్మాయిల్ గారు నెగెటివ్, దూది, టర్పెంటైన్ సీసా పట్టుకుని, నేను చెవిమీద ఉన్న సంగతి కూడా మరిచి సైకిలెక్కారు. పరీక్ష జరిగే బడిలో, గదుల్లో అందరూ రాసేసుకుంటున్నారు. హైమావతి ఒక్కతే వరండాలో నిలబడి ఉంది.

"తప్పు నాదండీ. బిడ్డ అడగలా, తల్లి అడగలా. నేనే తుడిచేశా" అని ఆయన పరీక్షల అధికారికి చేతులు జోడించారు.

"మచ్చ ఉంటే నీకేం పోయిందయ్యా?"

ఇస్మాయిల్ గారు సీసా మూత తీసి దూదిని టర్పెంటైన్‌తో తడిపారు. నెగెటివ్ మీద దూదితో రుద్దారు. నా గీతలన్నీ ఊడొచ్చాయి. ఆ మచ్చని పూడ్చడమే నేను చేసిన పనుల్లోకెల్లా గొప్ప పని. అయినా, నిజం చెబుతున్నా, పోతే పోనీ అనుకున్నాను. అధికారి నెగెటివ్‌ని వెలుతురుకి పట్టి, అందులో తెల్లగా బయటపడ్డ మచ్చని చూశాడు, పిల్లని చూశాడు.

"వెళ్లి రాయమ్మా. పోయిన టైము నేనిస్తాలే."

ఇప్పుడు అంగుళం ముక్కనై రేకుడబ్బాలో పడున్నాను. ఆ తర్వాత ఇస్మాయిల్ గారు ఎవరికైనా సరే అడిగాకే టచింగ్ చేసేవారు. చాలామంది చెయ్యమనే అన్నారు లెండి, మనుషులు కదా. ఎన్ని ముఖాలు దిద్దానో గుర్తులేదు. హైమావతి పాసైన రోజు మాత్రం గుర్తుంది. తల్లీకూతుళ్లు మిఠాయి తెచ్చారు. ఆయన మచ్చ ఉన్నది ఉన్నట్టే వేసిన కొత్త ఫోటో ఇచ్చి, "పాతది కూడా ఉంచుకోమ్మా" అన్నారు.

"వద్దు మావయ్యా" అంది ఆ పిల్ల. "ఆ ఫోటోని మా అమ్మ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. నాకెప్పుడూ కుడిబుగ్గ మీదే పెడద్ది."

మంగతాయి చేతిలో మిఠాయి పొట్లం జారిపోయింది. "నేను ఎరగనే తల్లీ, ఎరగనే" అంటూ కూతురి ఎడమబుగ్గకి పెదవులు ఆనించింది. చాలాసేపు వదల్లేదు.