బావ చూడని పిట్ట

లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌కు ఆదివారమంటే పదింటిదాకా పడుకోవడం. ఆ ఆదివారం మాత్రం తెల్లారేసరికి సముద్రపొడ్డున బురదలో నిలబడి ఉన్నాడు. అక్క పంపింది. మోకాలికి ఆపరేషనైన మొగుణ్ణి ఒంటరిగా పంపేది లేదని ఆమె భీష్మించుకుంది. తోడు వెళ్ళడానికి ఆమె కంటికి తమ్ముడు తప్ప ఖాళీగా ఎవరూ ఆనలేదు.

బావది కళ్ళజోళ్ళ దుకాణం. వానలు తగ్గి, చలి ఇంకా ముదరని ఆ రోజుల్లో వలస పిట్టలు ఆ ఒడ్డున దిగుతాయి. వాటిలో చెంచా ముక్కు పిట్ట అని ఒకటుంది. పిడికెడు పిట్ట. ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉంటుంది. దానికోసం బావ పదకొండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు. దారి పొడుగునా ఆ సంగతే ఏకరువు పెట్టాడు. దిగాక, గట్టిగా మాట్లాడకూడదనీ చేతులు ఊపకూడదనీ చెప్పాడు. బావమరిది ఎర్రచొక్కా చూసి, పిట్టలు బెదురుతాయని తన వానకోటు విప్పి ఇచ్చాడు. అది చంకల్లో బిగుసుకుంది.

పోటు మొదలైంది. నీళ్ళు ముందుకొచ్చేకొద్దీ పిట్టలు ఒడ్డుకు జరిగాయి. మెకానిక్ కంటికి అన్నీ ఒకటే రంగు, ఒకటే తొందర. బావ ఒక్కోదాని పేరూ గొణుక్కుంటూ నోటుబుక్కులో అంకెలు వేసుకున్నాడు. తొమ్మిదింటికి, తాగిన టీ పని చేసి, ఇప్పుడే వస్తానని పొదల వెనక్కి వెళ్ళాడు. ఆ మోకాలితో అది పావుగంట పని.

మెకానిక్ ఏమీ తోచక, బావ నిలబెట్టిన టెలిస్కోపుకు కన్ను ఆనించాడు. ఒక పిట్ట నీళ్ళలో మూతిపెట్టి అటూ ఇటూ ఊపుతూ, నేల తుడుస్తున్నట్టు నడుస్తోంది. ముక్కు చివర చెంచా ఉంది. అరవకూడదు, చేతులు ఊపకూడదు. మెకానిక్ మాట తప్పే మనిషి కాదు. "బావా" అని మెల్లగా పిలిచాడు. అలల హోరులో ఆ పిలుపు మూడడుగులు దాటలేదు. ఇంతలో పైన గద్ద తిరిగింది. గుంపంతా లేచిపోయింది.

బావ బెల్టు బిగించుకుంటూ వచ్చాడు. చెప్పాలా వద్దా అని మెకానిక్ కాసేపు తటపటాయించి, చివరికి చావుకబురు చల్లగా చెప్పినట్టు చెప్పాడు.

బావ నమ్మలేదు. కాళ్ళు ఏ రంగని అడిగాడు. నల్లవన్నాడు మెకానిక్. ఎలా తింటోందని అడిగితే తల అటూ ఇటూ ఊపి చూపించాడు. బావ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నోటుబుక్కు తెరిచి తేదీ, సమయం రాశాడు. చూసినవారు అన్నచోట 'మా బావమరిది' అని పొందిగ్గా రాసి, కింద గీత గీశాడు.

పొద్దు వాలేదాకా ఉన్నారు. పిట్ట మళ్ళీ రాలేదు. కాళ్ళు పీకుతున్నా ఇక వెళదామని మెకానిక్ ఒక్కసారీ అనలేదు. తాను చేసిన తప్పేమిటో అతనికి తెలియలేదు గానీ, చేసినట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో కారు అతనే నడిపాడు. బావ నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మధ్యలో మూతి పైకెత్తిందా?" అన్నాడు బావ.

"రెండుసార్లు ఎత్తింది."

"ఎత్తి?"

"చుట్టూ చూసింది. మళ్ళీ పనిలో పడింది."

బావ సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"మొదట్నుంచి చెప్పరా. నేను పొదల్లోకెళ్ళిన కాణ్ణించి. తొందరేం లేదు."

మెకానిక్ వేగం తగ్గించి మొదలుపెట్టాడు. ఇంటిముందు బండి ఆగేసరికి ఇంకా సగంలోనే ఉన్నాడు. అక్క తలుపు తీసి చూసింది. ఇద్దరూ దిగలేదు.