నెర్రెల పంచాయితీ

ఆ ఏడు, అంటే 2007లో, దసరాకు ముందే వానలు మొహం చాటేశాయి. ప్రాణహిత ఒడ్డున ఊరంతటికీ ఒక్కటే డీజిల్ ఇంజన్. ముందు ఎవరి పొలానికి నీళ్లు మళ్లించాలో చెప్పే పని ఇంజన్ చూసుకునే పెద్దయ్యది. పొద్దున్నే అందరూ ఇంజన్ దగ్గర చేరి నా పొలమే ఎండుతున్నదంటే నా పొలమే ఎండుతున్నదని అరుస్తారు. అందరికంటే పెద్ద గొంతు కిషన్‌రావుది. నిజంగా ఎండుతున్నది కాలువ చివరి నర్సక్క వరి. ఆమె మాట ఆ గోలలో ఎవరికీ వినిపించదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే పోతే ఆ వరి పశువుల మేతకే.

పెద్దయ్య తమ్ముడి కూతురు సరిత చంద్రపూర్‌లో కంప్యూటర్ చదువుతోంది. సెలవులకు వచ్చి ఈ తమాషా చూసింది.

"మాటలెందుకు పెద్దబాపు? ఎవ్వల పొలం నెర్రెల చెయ్యి దిగితే వాళ్లకే ముందు నీళ్లియ్యి," అంది.

మర్నాటికి ప్రతి పొలంలోనూ, సరిగ్గా బాట పక్కనే, చెయ్యి దిగేంత నెర్రెలు. కిషన్‌రావు నెర్రెలో మోచెయ్యి దాకా దిగింది. గడ్డపార గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"నీ కంప్యూటర్ల గిదే నేర్పిండ్రా బిడ్డా?" అన్నాడు పెద్దయ్య.

సరిత తల దించుకుని ఇంటికి పోయి పుస్తకం తెరిచింది. మెకానిజం డిజైన్ అని పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం. ఉన్న ఆటలో గెలిచే ఉపాయం కాదది. మనకేం జరగాలో ముందే అనుకుని, అదే జరిగేలా ఆటను కట్టడం. అబద్ధమాడినవాడికే నష్టం వచ్చేలా నియమం పెట్టాలి. తను కట్టిన ఆటలో అబద్ధమాడటానికి ఖర్చే లేకపోయింది.

తెల్లారి ఇంజన్ దగ్గర నిలబడి చెప్పింది.

"ఇగ నెర్రెలు చూసుడు బంద్. ఎవ్వలు అడిగితే వాళ్లకే ముందు. కానీ వచ్చే తడికి, గింజ పాలు పోసుకునే యాళ్లకు, వాళ్లది ఆఖరి వంతు. ఇప్పుడు ఆగినోళ్లకు అప్పుడు ముందు."

పాలు పోసుకునే వేళ తడి ఆలస్యమైతే చేతికొచ్చేది తాలే. అది అక్కడున్న అందరికీ తెలుసు. మొదటిసారి ఇంజన్ దగ్గర గోల లేదు.

నర్సక్క చెయ్యెత్తింది. "నాకు ఇయ్యాల్నే నీళ్లు కావాలె. ఇప్పుడు బతికితేనే గద అప్పుడు పాలు పోసుకునేది."

ఇంకెవరూ ఎత్తలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"ఏంది కిషన్‌రావూ, మోచెయ్యి దిగిందంటివి? ఎత్తు మరి ఆ చెయ్యి."

"మాది జర ఆగుతది వదినె," అన్నాడతను నేల చూపులు చూస్తూ. అందరూ ఘొల్లుమన్నారు.

ఆ రోజు నీళ్లు అన్ని పొలాలనూ దాటుకుని చివరిదాకా పోయాయి. నర్సక్క నెర్రెలు బుస్సుమంటూ తాగుతుంటే, ఆమె పాదాలు మునిగేదాకా అక్కడే నిలబడింది.

సరిత కాలువ వెంట నడిచింది. కిషన్‌రావు కాలువలోకి దిగి, అదే గడ్డపారతో అడ్డంపడిన మన్ను పెకిలిస్తున్నాడు.

"ఎవ్వల కోసం మామా ఇంత కష్టం?"

"నర్సక్కది జల్ది తడిస్తేనే గదనే నా వంతొచ్చేది," అన్నాడు తలెత్తకుండానే.